అచ్చియ్యమ్మ, చీనా దేశం

చోడవరంలో ఆ రోజుల్లో పాలు పోసేవాళ్ళలో నీళ్ళు కలపనివాళ్ళు లేరు. కలిపానని చెప్పేది మాత్రం అచ్చియ్యమ్మ ఒక్కతే. "తవ్వెడు పాలకి గిద్దెడు నీల్లు కలిపేను తల్లీ. గేదె ఒప్పుకుంది. నువ్వూ ఒప్పుకుంటే పోస్తాను," అని గుమ్మంలో నిలబడి చెప్పేది. మిగతావాళ్ళు నూకాలమ్మ మీద ఒట్టేసి మరీ సగానికి సగం కలిపేవారు కనుక, జనం అచ్చియ్యమ్మ దగ్గరే పోయించుకునేవారు. నిజాయితీకి మన దేశంలో ఇంతకన్నా పెద్ద పరీక్ష ఎప్పుడూ లేదు. పక్కవాడికన్నా రెండు గిద్దలు తక్కువ కలిపితే చాలు, పాసు.

మనిషి పొడుగు. గొంతు అంతకన్నా పొడుగు. కె.కోటపాడు పక్క పల్లెలో పుట్టింది, పదహారో ఏట చోడవరం కాపురానికొచ్చింది, ముప్పై ఎనిమిదో ఏట ఈ కథలోకి వచ్చింది. అక్షరం ముక్క రాదు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి తలుచుకుని జాలిపడడానికి వచ్చిన ఇరుగుపొరుగులకి పీట వేసి మరీ చెప్పేది: "పిల్లల్లేరని ఏడిసేవోల్లు ఓ పక్క, ఉన్నారని ఏడిసేవోల్లు ఓ పక్క. మద్దెన నాను గేదెని పెంచుకుంటన్నాను." వచ్చినవాళ్ళు వాళ్ళ జాలి వాళ్ళే మూటకట్టుకుని వెళ్ళిపోయేవారు.

మొగుడు సత్యారావు. బస్సుల రోడ్డు మీద ఉన్న పఠనమందిరంలో పుస్తకాలిచ్చేదీ ఆయనే, తుడిచేదీ ఆయనే, తాళం వేసేదీ ఆయనే. ఎవరైనా అడిగితే మాత్రం "లైబ్రేరియన్ని" అనేవాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందుకే ఆ మాట అన్నప్పుడు కొంచెం దగ్గేవాడు.

మొగుడి పేరు పెళ్ళాం, పెళ్ళాం పేరు మొగుడు పలకకూడదన్నది ఆ ఊళ్ళో రాసిపెట్టని చట్టం. రాసిపెట్టిన చట్టాలకన్నా బాగా అమలయ్యేది. పలికితే అవతలివాళ్ళ ఆయుష్షో ఇవతలివాళ్ళ పరువో తగ్గుతుందని నమ్మకం. జనాభా లెక్కలవాడు వచ్చి మొగుడి పేరేమిటని అడిగితే, అది చెప్పడానికి అచ్చియ్యమ్మ పక్కింటి మంగాయమ్మను కేకేసింది. మొదటి ఎన్నికలకి ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చినవాడు సత్యారావుని అడిగితే, ఆయన "మా ఇంట్లో మనిషి" అన్నాడు. వాడు విసుగెత్తి "సత్యారావు భార్య" అని రాసుకుపోయాడు. ఆ పేరుతోనే ఆవిడ వెళ్ళి ఓటేసి, దేశానికి ప్రభుత్వాన్ని తెచ్చుకుంది. ఇంట్లో ఆవిడ పేరు "ఒసే". కొంచెం ప్రేమగా ఉన్నప్పుడు "ఇదిగో".

పఠనమందిరం ముందు రోడ్డువైపు ఒక నల్లబల్ల ఉండేది. అనకాపల్లి వెళ్ళే మొదటి బస్సు వచ్చేలోగా దానిమీద ఒక సూక్తి రాయడం సత్యారావు ఉద్యోగధర్మం. మందిరం అధ్యక్షుడు, బెల్లం వర్తకుడు గణపతిరావు, ఇటుకంత నీతివాక్యాల పుస్తకం ఒకటి దానం చేశాడు. "పెద్దలను గౌరవింపుము," "పరుల సొమ్ము పామువంటిది" ఇలాంటివి. నాలుగేళ్ళపాటు రోజుకొకటి రాశాడు. నాలుగేళ్ళూ జనం దాని కింద నిలబడి చుట్ట కాల్చుకున్నారు, ఒక్కడూ తలెత్తలేదు. అయిదో ఏడు వానల్లో ఆ పుస్తకాన్ని చెదలు తినేశాయి. మొత్తం తినేశాయి, ముందుమాటతో సహా. చెదల నడవడిక ఏమన్నా మెరుగుపడినట్టు ఆధారాలు లేవు.

ఆ రాత్రి భోజనం దగ్గర సత్యారావు దిగులుగా కూర్చున్నాడు. అచ్చియ్యమ్మ వడ్డిస్తూ తన గొడవేదో చెప్పుకుపోతోంది. పేడ వేసుకునే చోటు గురించి మంగాయమ్మకీ ఆవిడకీ తగువు. "దాని కోపం నాకు లెక్కలేదయ్యా. కోపం పాలపొంగు, సిటికెడు నీల్లు జల్లితే దిగిపోద్ది. పగుంది సూడు, అది తోడు. ఒక్కసారి పడితే పెరుగే, మల్లీ పాలవ్వదు."

సత్యారావు ముద్ద ఆపి, "మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. అచ్చియ్యమ్మ మళ్ళీ చెప్పింది. మర్నాటి నుంచి రోజూ, "ఏటన్నావు? మళ్ళీ చెప్పు." ముసలితనం వచ్చేలోపల మొగుడికి చెవులొచ్చాయని ఆవిడ సంబరపడింది. ఎనిమిది నెలలపాటు ఆయన అన్నంలో రోజూ ఒక గరిటె నెయ్యి ఎక్కువ పడింది. ఆయన మజ్జిగ తాగి అరుగుమీదికి వెళ్ళి జేబులోంచి పెన్సిల్ తీసేవాడని ఆవిడకి తెలియదు.

బల్లమీద మాట రాశాడు సరే, కింద ఎవరి పేరు రాయాలి? ఇంటావిడ పేరు రోడ్డు మీద రాయలేడు. తన పేరు రాస్తే ఎవడూ నమ్మడు, అంత వివేకం ఆయనకి మిగిలింది. ఆ ఏడు పత్రికల నిండా చీనా స్నేహమే. చీనావాడు మనకి అన్నదమ్ముడనీ, వాడి నాగరికత వేల ఏళ్ళదనీ రోజూ రాస్తున్నారు. పైగా చీనావాడు చోడవరం వచ్చి "నేనలా అనలేదు" అని దావా వెయ్యడు. సత్యారావు కింద "చీనా జ్ఞాని" అని రాసి చేతులు దులుపుకున్నాడు.

జనం తలెత్తారు. చుట్టలు ఆరిపోయాయి. మొదటి బస్సు డ్రైవరు బల్ల ముందు బండి ఆపి, చదివి, అప్పుడు గేరు మార్చేవాడు. "సలహా అడగడానికొచ్చినోడు నిర్ణయం ఇంట్లోనే చేసుకొనొస్తాడు; మనం ముద్ర వేసే బంట్రోతులం" అని రాసిన రోజున గణపతిరావు తన కొట్టుకి వచ్చిన నలుగురికి దాన్ని సలహాగా చెప్పాడు. సత్యారావు మరీ ఉన్నదున్నట్టు రాసేవాడు కాదు, సంస్కరించేవాడు. "తన్నే గేదెని పాలకోసం బరిస్తాం. తిట్టే మొగుణ్ణి ఏటికోసం బరిస్తన్నావంటే ఏ ఆడదైనా ఆలోసించుకొని సెప్తానంటాది" అని ఆవిడ అంటే, బల్లమీద మొదటి సగమే వచ్చింది. రెండో సగం చీనాలో ఉండిపోయింది.

సంగతి బయటపడింది బస్టాండు పక్కన దర్జీ జలాలుద్దీన్ కొట్లో. ఆయన అనకాపల్లి మనిషి, అరవై దాటినవాడు. టీకి పాలు అచ్చియ్యమ్మే పోసేది. ఆ ఉదయం మంగాయమ్మ మళ్ళీ పేడ తీసి ఇవతల పారేసింది. అచ్చియ్యమ్మ కళ్ళెర్రజేసుకుని వచ్చింది.

"కోపం వద్దమ్మా," అన్నాడు జలాలుద్దీన్ మిషను ఆపి. "కోపం పాలపొంగు. నీళ్ళు జల్లితే దిగిపోద్ది. పగ మాత్రం పెరుగు తోడు. పడిందంటే మళ్ళీ పాలు కావు."

అచ్చియ్యమ్మ చేతిలో చెంబు వంగినది వంగినట్టే ఉండిపోయింది. "ఎవలన్నారు సాయిబు గారూ, ఆ మాట?"

"చీనా దేశంలో జ్ఞాని ఒకాయన. ఎంత గొప్పోడో చూడు."

"సీనాలో గేదెలుంటాయేటి?"

"ఉండకపోతే ఎలా అంటాడమ్మా?"

"పేడకుప్పలు?"

జలాలుద్దీన్ మిషను సొరుగు లాగాడు. ఆయన దగ్గర కొలతల పుస్తకం ఒకటి ఉంది. చొక్కాల కొలతల పక్కన, నచ్చిన సూక్తులు కూడా రాసుకునేవాడు. "ఇంకా ఉన్నాయమ్మా, విను," అని కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "ఊరంతా మంచివాడన్న మనిషి గురించి వాని ఇంట అడుగవద్దు. పాపము, వారికి అతడు దొరకడు."

అది గణపతిరావు గురించి. మాఘమాసంలో వాళ్ళావిడకి పాలు పోసి వచ్చి అచ్చియ్యమ్మే అంది.

"మనిషి చనిపోయిన పిమ్మటనే మంచివాడందురు. బ్రతికియుండగా చెప్పిన నమ్మునేమో యని భయము."

అది తన పెదమావ దినంనాడు. విస్తరి ముందు కూర్చుని అంది.

ఒక్కొక్కటీ చదువుతుంటే అచ్చియ్యమ్మకి ఒక్కొక్క పూట గుర్తుకొచ్చింది. ఆ పూట ఏ కూర వండిందో కూడా. ప్రతి పూట చివరా "మళ్ళీ చెప్పు" అన్న గొంతు. చెంబు కింద పెట్టింది.

"సాయిబు గారూ, మా ఇంటాయనకి సెవులొచ్చేయనుకున్నాను. అవి సిల్లులు."

మధ్యాహ్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. నెయ్యి వెయ్యలేదు.

"ఏటయ్యా, సీనా ఎటేపుంటాది?"

సత్యారావు నెయ్యి గిన్నె కోసం చూస్తున్నాడు. "ఉత్తరం పక్కన. ఏల?"

"ఏం లేదు. అక్కడోడెవడో మనింట్లో మాటలన్నీ ఇనేస్తన్నాడట. గోడకి సెవులుంటాయంటారు గాని, ఇంత పొడుగుంటాయని నాకు తెలీదు."

సత్యారావు ముందు నీళ్ళు తాగాడు. తర్వాత ధర్మపన్నాలు మొదలెట్టాడు. పదిమందికి మంచి జరుగుతోందనీ, మాట ఎవరిదైతేనేమనీ, జ్ఞానానికి పేరూ ఊరూ ఉండవనీ. దొంగ సొత్తుకి పేరూ ఊరూ ఉండవని పోలీసువాళ్ళు కూడా అంటారు కానీ, వాళ్ళు దాన్ని వేదాంతమని అనరు.

"ఉండకపోతే సీనా అని ఏల రాసేవు?" అంది అచ్చియ్యమ్మ. "గిద్దెడు నీల్లు కలిపితే కలిపేనని సెప్పే మనిసిని నాను. నా పాలు నువ్వు పట్టుకెల్లి సీనావోడి గేదె పాలని ఊరంతా పోసేవు. నా మాట కింద నా పేరెట్టు."

"మతి పోయిందేటే? ఇంట్లో మనిషి పేరు రోడ్డు మీద రాస్తే ఆయుష్షు తగ్గిపోద్ది."

"ఎవలికి?"

"నాకే."

"మాట దొంగిలిస్తే తగ్గదేటి?"

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. ఆవిడ నోరు కట్టేసుకుంది.

బల్లమీద చీనా పేరు ఉన్నందుకు కాదు ఆవిడకి బాధ. చీనావాడు పరాయివాడు, వాడితో ఆవిడకి పేచీ లేదు. ఎనిమిది నెలలు మొగుడు తన మాట వింటున్నాడనుకుంది. తీరా వింటున్నవాడు గుమాస్తా.

ఇక ఇంట్లో రెండే మాటలు: "అన్నం," "నీల్లు." సత్యారావు రెచ్చగొట్టి చూశాడు. కూరలో ఉప్పెక్కువైందన్నాడు. జవాబు లేదు. మంగాయమ్మ మంచిదన్నాడు. దానికీ లేదు. బల్ల మళ్ళీ పాత దారి పట్టింది. "వేకువనే లేచుట ఆరోగ్యము." "శుభ్రతయే భాగ్యము." అయిదో రోజుకి "ఆవు సాధు జంతువు" దాకా దిగజారింది. డ్రైవరు బస్సు ఆపి తల బయటపెట్టి, "ఏటి సత్యారావు గారూ, చీనావోడికి జొరమొచ్చిందేటి?" అని అరిచాడు. బస్సు బస్సంతా నవ్వింది.

అదే వారం గణపతిరావు కబురంపాడు. విశాఖపట్నం నుంచి పై అధికారి ఆదివారం వస్తున్నాడు. చీనా సూక్తుల బల్ల గురించి ఆయన అక్కడిదాకా విన్నాడట. చూసి మెచ్చుకుంటే సత్యారావు ఉద్యోగం ఖాయం చేస్తారు. "ఆ రోజు ఆవూ గేదే రాసేవంటే, సోమవారం నుంచి వాటినే కాసుకుందువుగాని," అన్నాడు గణపతిరావు.

గేదె మాట ఎత్తేసరికి సత్యారావుకి ఒక ఉపాయం తట్టింది. అచ్చియ్యమ్మ మొగుడితో మాట్లాడడం మానేసింది కానీ గేదెతో మానలేదు. పాలు పితికేటప్పుడు దాంతో కష్టసుఖాలు చెప్పుకునేది. శుక్రవారం పొద్దున్న పఠనమందిరం లైబ్రేరియన్ గడ్డిమేటు వెనక పెన్సిలూ కాగితం పట్టుకుని నక్కాడు. పొదుగు కింద చెంబులో ధార చప్పుడు ఆగింది.

"ఇదిగో గేదే," అంది అచ్చియ్యమ్మ తల తిప్పకుండా. "నువ్వేదన్నా అనదలిస్తే అనీసెయ్యి. రాసుకోడానికి మడిసొచ్చేడు. కింద నీ పేరు మాత్రం ఎయ్యడు. ఏ బర్మా గేదె పేరో ఏస్తాడు."

సత్యారావు నెత్తిన గడ్డితో బయటికొచ్చాడు. దగ్గర కూర్చున్నాడు. ఉద్యోగం సంగతి చెప్పాడు. అధ్యక్షుడి బెదిరింపు చెప్పాడు. "ఒక్కటి, ఒక్కటంటే ఒక్క మాట చెప్పవే," అన్నాడు. "నీ పేరు రాస్తాను. ఒట్టేసి చెప్తన్నాను."

"ఒట్టు ఒద్దులే. ఒట్టేసినోల్ల పాలు నాను సూసేను." కాసేపు పితికింది. మొగుడి ఉద్యోగం పోతే తన పంతం అన్నం పెట్టదని ఆవిడకి తెలుసు. "రాసుకో. పేరుకోసం పనిచేసేవోడికి పని రాదు. పనొచ్చినోడికి పేరు రాదు. రెండూ వచ్చినోడితో పక్కింటోడు మాటాడ్డు."

సత్యారావు మూడుసార్లు "మళ్ళీ చెప్పు" అన్నాడు. ఆవిడ మూడుసార్లూ చెప్పింది.

ఆదివారం పొద్దున్న పాలచెంబుతో అచ్చియ్యమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది. తెల్లటి గీతలు. అందులో తను ఎక్కడుందో ఆవిడకి తెలియదు. రోడ్డు అవతల ఉన్న జలాలుద్దీన్ని కేకేసింది. ఆయన మెళ్ళో కొలత టేపుతోనే వచ్చి మాట మొత్తం చదివాడు. ఒక్క అక్షరం మారలేదు.

"కిందేటుంది సాయిబు గారూ?"

జలాలుద్దీన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తుడిచినా అదే కనిపించింది. "అచ్చియ్యమ్మ..." అన్నాడు. "చీనా దేశం."

సత్యారావు మాట తప్పలేదు. పేరు రాస్తానన్నాడు, రాశాడు. ఊరి సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇలాంటి వాగ్దానాలు చెయ్యడానికి మామూలుగా శాసనసభకి వెళ్ళాలి, ఆయన పఠనమందిరంలోనే నేర్చుకున్నాడు. రాత్రంతా ఆలోచించి, ఉద్యోగం, పరువు, పెళ్ళాం మూడింటినీ ఒకే సుద్దముక్కతో గెలిచానని సంతోషించాడు కూడా.

"నా పేరేదో సూపెట్టండి," అంది అచ్చియ్యమ్మ. జలాలుద్దీన్ వేలు పెట్టి చూపించాడు. ఆవిడ చెంబు కింద పెట్టి, ఎడమ అరచెయ్యి ఆ పేరు మీద, చెరగకుండా, గొడుగులా పట్టింది. కుడిచేత్తో పైటచెంగు పాలచెంబులో ముంచి చీనా దేశాన్ని తుడిచేసింది.

ఆ తుడవడం మధ్యలోనే జీపు వచ్చి ఆగింది. అధికారి దిగాడు, వెనకే దండతో గణపతిరావు, మందిరం లోపలి నుంచి పరిగెత్తుతూ సత్యారావు. అధికారి బల్ల దగ్గరికి వచ్చి సూక్తి చదివాడు. నవ్వాడు. మళ్ళీ చదివాడు. బల్ల కిందనుంచి పాలు కారుతున్నాయి.

"అచ్చియ్యమ్మ ఎవరు?" అన్నాడు.

"నానే బాబూ."

"ఈ మాట మీదా? మరి చీనా సూక్తులని విన్నానే?"

"అవీ నావే."

"మీరెవరి తాలూకు అమ్మా? మీ ఆయన పేరేమిటి?"

అచ్చియ్యమ్మ ఒకసారి సత్యారావు వంక చూసింది. "ఆయన పేరు నాను పలక్కూడదు. నా పేరు ఆయన పలక్కూడదు. అందుకే బాబూ, మద్దెన సీనావోడు దూరేడు."

జలాలుద్దీన్ టేపు నోట్లో కుక్కుకున్నాడు. జీపు డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. గణపతిరావు మొహం పాకం ముదిరిన బెల్లంలా అయింది. అధికారి మాత్రం సత్యారావు వైపు తిరిగి, "ఏమండీ, ఈవిడ ఎవరో మీరు చెప్పండి," అన్నాడు.

సత్యారావు నేల చూశాడు. అధ్యక్షుణ్ణి చూశాడు. చివరికి బల్ల చూశాడు. పేరు తన దస్తూరీలోనే ఉంది. చదవడం ఉద్యోగధర్మం.

"అచ్చియ్యమ్మ," అని చదివాడు. కొంచెం దగ్గాడు. "మా ఇంటావిడేనండి."

ఆకాశం ఊడిపడలేదు. ఆయుష్షు తగ్గిందేమో తెలియదు, అప్పటికప్పుడు కొలవడానికి జలాలుద్దీన్ టేపు చాలదు. అధికారి లోపలికి వెళ్ళి, జేబులోని కాగితం తీసి చూసి, సందర్శకుల పుస్తకంలోకి ఎక్కించి సంతకం చేశాడు. "చీనా సూక్తుల ద్వారా ప్రజలలో జ్ఞానము పెంపొందించుట ప్రశంసనీయము" అని దాంట్లో ఉంది. అభిప్రాయం ఆయన దారిలో జీపులోనే రాసుకుని వచ్చాడు, బయట జరిగినదానికోసం దాన్ని మార్చడం కార్యాలయ పద్ధతి కాదు. ఆ వాక్యం మీదనే రెండు నెలల తర్వాత సత్యారావు ఉద్యోగం ఖాయమైంది.

అదంతా తర్వాత సంగతి. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన పీట మీద తలొంచుకుని కూర్చున్నాడు. అచ్చియ్యమ్మ అన్నం పెట్టింది, పప్పు వేసింది. నెయ్యి గిన్నె పక్కనే ఉంది. చెయ్యి అటు పోలేదు.

ఆయన గోడ వంక చూస్తూ, "అచ్చియ్యమ్మా, కాస్త నెయ్యెయ్యి," అన్నాడు.

ఆవిడ గరిటె చేతిలోకి తీసుకుంది. మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. "పేరెట్టి పిలిచిన మొదటిసారే నెయ్యేస్తే, మొగుడు రెండోసారి పిలవడు."

సత్యారావు ఎంగిలిచెయ్యి అలవాటుగా జేబు వైపు పోయింది. సగంలో ఆగింది. ఆయన తలెత్తి ఆవిడ మొహం చూశాడు.

"రాసుకోనా?" అన్నాడు.

అచ్చియ్యమ్మ ఆలోచించింది.

"ముందు తిను," అంది. "సల్లారిపోతంది."